టికెట్ మీద రెండో పేరు

అక్టోబరు 10 ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. ఐటీ కంపెనీల్లో ఉన్నవాళ్లకు ఆ వారంలో మెయిల్‌లోకి లేతాకుపచ్చ రంగు పోస్టరు ఒకటి వచ్చి పడుతుంది. మాకూ వచ్చింది. వెబినార్, సాయంత్రం ఏడింటికి. హాజరు తప్పనిసరి, కెమెరా ఆన్‌లో ఉండాలి. మాట్లాడినావిడ బాగానే మాట్లాడారు, ఆవిణ్ని తప్పు పట్టను. "పని వేళలు దాటాక లాప్‌టాప్ మూసేయండి" అన్న స్లైడ్ దగ్గరికి వచ్చేసరికి ఏడుంబావు దాటింది. చాట్‌లో అప్పటిదాకా చప్పట్ల బొమ్మలు, "వెరీ ఇన్‌సైట్‌ఫుల్ సెషన్"లు వరసగా పడుతున్నాయి. వాటి మధ్యలో మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు, మేం సాఫ్ట్‌వేర్ క్లయింట్‌కు అందించాల్సిన గడువు గురించి ఒక లైను రాశాడు: "రిలీజ్ డేట్ సోమవారం నుంచి బుధవారానికి జరుపుతారా?"

చాట్ కాసేపు కదల్లేదు. తర్వాత ఎవరో నవ్వు బొమ్మ పెట్టారు. హెచ్ఆర్ వాళ్లు "గుడ్ వన్, ఆఫ్‌లైన్‌లో చూద్దాం" అన్నారు. డేట్ జరగలేదు.

వాడు జోకేశాడని చాలామంది అనుకున్నారు. ఆ గంట మొత్తంలో పనికొచ్చే మాట అదొక్కటేనని నాకనిపించింది. అప్పట్నుంచీ ఈ సంగతి బుర్రలో తిరుగుతూనే ఉంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇంటి నుంచి ఒంటరిగా పనిచేసే మనిషికి కంపెనీ చేయగల పెద్ద సాయం, ఒక పనిని ఒక్కడికే అప్పజెప్పడం మానుకోవడం. మా పనులు టికెట్లుగా వస్తాయి, అంటే ఏ పని, ఎప్పటికి, ఎవరు చేయాలి అని కంప్యూటర్‌లో నమోదయ్యే చీటీలు; ఒక్కో దాని మీద ఒక్కరి పేరే ఉంటుంది. ధ్యానం యాప్‌లు, శుక్రవారం సాయంత్రం ఆటలు, "ఈ వారం మీ మూడ్ ఎలా ఉంది" సర్వేలు, అన్నీ దాని తర్వాతే. ఈ మాట పూర్తిగా నిలబడుతుందా అంటే నాకూ కొన్ని అనుమానాలున్నాయి. అవీ రాస్తాను.

కొరియర్‌లో వచ్చిన ఉద్యోగం

2020 మార్చి గుర్తుంది కదా. డెస్క్‌టాప్‌లను ఆటోల్లో, టాటా ఏస్‌లలో ఇళ్లకు పంపిన రోజులు. అంతకుముందు బీపీవో పని ఇంటి దగ్గర చేయాలంటే టెలికాం శాఖ నిబంధనలు సవాలక్ష అడ్డొచ్చేవి. లాక్‌డౌన్ వచ్చేసరికి వాటిని హడావుడిగా సడలించారు, ఆ నవంబరులో ఇంకా తేలిక చేశారు. 2025 నాటికి నాలుగోవంతు మంది ఆఫీసులో ఉంటే చాలని టీసీఎస్ ప్రకటించింది కూడా ఆ ఏడాదే. 2023 చివరికల్లా అదే కంపెనీ వారానికి ఐదు రోజులూ రమ్మంది. ఆఫీసా ఇల్లా అనే ఆ వాదులాట జోలికి నేనిక్కడ వెళ్లను. ఇవాళ రెండు గంటలు ట్రాఫిక్‌లో కూచుని గచ్చిబౌలి చేరి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, చెన్నైలో ఒకరు, టెక్సాస్‌లో ఒకరు ఉన్న టీముతో రోజంతా టీమ్స్ అనే యాప్‌లో కాల్ మీద గడిపి ఇంటికి పోయేవాళ్లు నాకు బోలెడంత మంది తెలుసు. ఆఫీసుకు వచ్చినంత మాత్రాన ఎవరికీ తోడు దొరకడం లేదు.

2021లో మా టీములో చేరిన ఒకతని గురించి చెప్పాలి. పాలకొల్లు వైపు ఊరు. లాప్‌టాప్ కొరియర్‌లో వచ్చింది, ఆఫర్ లెటర్ మెయిల్‌లో వచ్చింది, ఇండక్షన్ వీడియోలో అయింది. ఆఫీసు గుమ్మం తొక్కలేదు. మేడమీద గదిలో టేబుల్ వేసుకున్నాడు. పొద్దున స్టాండప్‌లో, అంటే టీమంతా రోజూ కలిసే చిన్న మీటింగ్‌లో, అందరూ చెప్పేదే చెప్పేవాడు: నిన్న ఇది చేశాను, ఇవాళ అది చేస్తాను, నో బ్లాకర్స్ (అడ్డంకులేమీ లేవు). పనికి వంక పెట్టే వీల్లేదు. చాట్‌లో పేరు పక్కన పచ్చచుక్క రాత్రి పదికి కూడా వెలుగుతూనే ఉండేది.

రాజీనామా పెట్టినప్పుడు చివరి మాటలకని ఒక కాల్ పెట్టుకున్నాం. డబ్బు కోసం వెళ్తున్నాడేమో అనుకున్నాను. కొంత అదే. ఇంకాసేపు మాట్లాడాక అన్నాడు, "నేను చేసిన పని బాగుందో లేదో ఇన్నాళ్లలో నాకు తెలియలేదక్కా. తప్పుంటే టికెట్ తిరిగొచ్చేది. బాగుంటే మూసేసేవాళ్లు, అంతే. ఏడాదికోసారి రేటింగ్ వచ్చేదనుకోండి, అది వేరు."

అతని ఇంట్లో జనానికి కొదవ లేదు. అమ్మ, నాన్న, నానమ్మ, అన్నావదినలు, వాళ్ల పిల్లలు. వేళకు టిఫిను మేడమీదికి వచ్చేది. "వాడికేంటమ్మా, ఫ్యాను కింద కూచుని జీతం" అని వీధిలో అనేవాళ్లట. రాత్రి పన్నెండింటికి క్లయింట్ సర్వర్ పడిపోయి, అది తను పొద్దున చేసిన మార్పు వల్లేనేమో అని గుండె గుబగుబలాడుతుంటే, ఆ ఇంట్లో ఎవరికి చెప్పుకోవాలి? అమ్మకు చెబితే "పోన్లేరా, పడుకో" అంటుంది. ఆవిడ ప్రేమకు లోటు లేదు. కానీ ఆ నిమిషంలో కావాల్సింది "ఆగు, లాగ్ చూద్దాం, నీది కాకపోవచ్చు" అనే మనిషి.

అందుకే ఇంట్లో నలుగురున్నారు కదా, ఒంటరితనమేంటి అనే వాదన నాకు ఎక్కదు. పని తాలూకు ఒంటరితనం వేరే. మన దిగులు ఏమిటో విప్పి చెప్పకుండానే అర్థమయ్యే మనిషి పక్కన లేకపోవడం అది.

ఆఫీసులో మాత్రం టికెట్ మీద ఇద్దరి పేర్లుండేవా? లేవు. అప్పుడూ ఒక్కరి పేరే. కాకపోతే ఆ పేరున్న మనిషి కుర్చీ వెనక్కి తిప్పితే ఇంకో మనిషి ఉండేవాడు. "ఒకసారి ఇటు రా" అంటే వచ్చేవాడు. టీకి వెళ్లినప్పుడు సగం చిక్కులు అక్కడే విడిపోయేవి. ఆ సాయం ఏ టైమ్‌షీట్‌లోనూ ఎక్కలేదు, ఎవరూ లెక్క రాయలేదు. పనిని ఇళ్లకు తరలించినప్పుడు కాగితం మీద ఉన్నది మాత్రమే తరలింది. టికెట్ వచ్చింది, డెడ్‌లైన్ వచ్చింది, పేరు వచ్చింది. లెక్కలో లేనిది అక్కడే ఉండిపోయింది.

మైక్రోసాఫ్ట్ తన అమెరికా ఉద్యోగులు 61 వేల మంది మెయిళ్లు, చాట్‌లు, కాల్స్ తాలూకు లెక్కలను 2020 తొలి ఆర్నెల్ల వరకూ తీసుకుని పరిశీలించి, 2021లో ఫలితాలు ప్రచురించింది. వేరే గ్రూపుల వాళ్లతో కలిసి పనిచేసే సమయం దాదాపు నాలుగోవంతు తగ్గింది. అప్పటికప్పుడు మాట్లాడుకోవడం తగ్గి, రాసి పంపుకోవడం పెరిగింది. ఎవరి గూట్లో వాళ్లు అన్నమాట. మనసుల గురించి ఆ పరిశోధన ఏమీ చెప్పలేదు, అది దాని పనీ కాదు. కానీ పాలకొల్లు కుర్రాడు చెప్పినదానికి దీనికి చుట్టరికం ఉందని నాకనిపిస్తుంది.

"ఎలా ఉన్నావు" అని అడిగేదెవరు?

మేనేజర్లకు ఈమధ్య ఒక శిక్షణ ఇస్తున్నారు. వారానికోసారి ప్రతి ఒక్కరితో విడిగా మాట్లాడాలి, పని సంగతి తర్వాత, ముందు మనిషి ఎలా ఉన్నాడో అడగాలి. మంచిదే. మేనేజర్లకు మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా సిఫారసు చేశాయి. నేనూ ఆ శిక్షణకు వెళ్లాను. అందులో ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది: అడిగేది నేను, మార్చిలో రేటింగ్ వేసేదీ నేనే. పక్కవాడికంటే ఒక మెట్టు కింద పెడతానేమో అన్న భయం ఉన్నవాడు "నిద్ర పట్టడం లేదు, పొద్దున లేస్తే లాప్‌టాప్ తెరవాలంటే చేతులు రావడం లేదు" అని నాతో ఎందుకు చెబుతాడు? "బాగున్నానక్కా" అంటాడు. నేనైనా మా బాస్‌తో అదే అంటాను.

కంపెనీ ఏర్పాటు చేసిన కౌన్సెలర్ లైన్ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. వివరాలు గోప్యంగా ఉంచుతామని రాసీ ఉంటుంది. కానీ కంపెనీ మెయిల్‌తో లాగిన్ అవ్వమంటే సగం మంది అక్కడే వెనక్కి పోతారు. అది నిజంగా గోప్యమే కావచ్చు, నేను కాదనడం లేదు. నమ్మకం కుదరదంతే.

ఆక్స్‌ఫర్డ్‌లో విలియం ఫ్లెమింగ్ అనే పరిశోధకుడు 2024లో ఒక పేపర్ వేశాడు. బ్రిటన్‌లో 233 సంస్థలు, 46,336 మంది ఉద్యోగులు. ధ్యానం యాప్‌లు, ఒత్తిడి తట్టుకునే శిక్షణలు, నిద్ర యాప్‌లు, ఇలా మనిషిని మార్చే కార్యక్రమాల్లో పాల్గొన్నవాళ్లనూ పాల్గొననివాళ్లనూ పోల్చి చూశాడు. పాల్గొన్నవాళ్లు మెరుగ్గా ఉన్నట్టు కనబడలేదు. ఒక్క స్వచ్ఛంద సేవలో పాల్గొన్నవాళ్ల దగ్గర మాత్రం కాస్త తేడా కనిపించింది. దీన్ని పట్టుకుని యాప్‌లన్నీ దండగ అని ఊరేగించడం తేలిక, సోషల్ మీడియాలో అలాగే ఊరేగించారు కూడా. నాకో సందేహం ఉంది. అది ఒకానొక సమయంలో తీసిన ఫొటో లాంటి సర్వే. అసలే బాగాలేనివాళ్లే ఆ యాప్‌ల దగ్గరికి ఎక్కువగా వెళ్లి ఉండొచ్చు, అందుకే తేడా కనబడకపోవచ్చు. ఆ లోటును సరిచూడటానికి అతను కొంత ప్రయత్నించాడు గానీ, పూర్తిగా తీరేది కాదు. అయినా స్వచ్ఛంద సేవ ఒక్కటే ఆ జాబితాలో ఎందుకు తేలింది? నలుగురితో కలిసి, ఇంకొకరికి పనికొచ్చే పని చేయడమే కదా అది.

ఇక్కడో మాట గట్టిగా చెప్పాలి. ఒంటరితనం వేరు, జబ్బు వేరు. డిప్రెషన్ వచ్చిన మనిషికి టికెట్ మీద ఇంకో పేరు రాస్తే తగ్గదు, డాక్టరు కావాలి. 2015–16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో మానసిక సమస్యలున్నవాళ్లలో వైద్యం అందనివాళ్లు జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మంది దాకా తేలారు. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మన రెండూ లేవు, మన దగ్గర లెక్క అంతకన్నా గొప్పగా ఉంటుందని నేననుకోను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక వ్యాధులకూ శరీర వ్యాధులతో సమానంగా బీమా ఇవ్వాలంది. ఆచరణలో చాలా గ్రూప్ పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. నెలకు రెండుసార్లు సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లే ఖర్చు జేబులోంచే. వెబినార్‌కు పెట్టే డబ్బు ఈ ఖర్చుకు పెట్టమని మా హెచ్ఆర్‌ను అడిగాను. పరిశీలనలో ఉందన్నారు.

ఈలోగా మా టీము చాట్‌లో పైన ఒక నంబరు పిన్ చేసి ఉంచాను: 14416. టెలి మానస్, మానసిక ఆరోగ్య సాయానికి ఫోన్ లైన్. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అన్నిటికంటే ముఖ్యంగా, మా కంపెనీకి దానితో ఏ సంబంధమూ లేదు. ఎవరు ఫోన్ చేశారో నాకు తెలియదు, తెలియకూడదు కూడా.

షాంఘై లెక్క, జగిత్యాల అరుగు

ఇప్పుడు నా వాదనను నిజంగా ఇబ్బంది పెట్టే సంగతికి వస్తాను.

ఇంటి నుంచి పని మీద అందరూ ఎత్తి చూపే ప్రయోగం చైనాలోని సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీలో జరిగింది. 2010 చివర్లో మొదలై తొమ్మిది నెలలు నడిచింది. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చేసింది. షాంఘై కాల్ సెంటర్‌లో ముందుకొచ్చినవాళ్లలో లాటరీ వేసి కొందరిని వారానికి నాలుగు రోజులు ఇంట్లోనే పనిచేయమన్నారు. వాళ్ల పనితీరు 13% పెరిగింది, మానేసేవాళ్లు సగానికి తగ్గారు. ఇది అందరూ చెబుతారు. ప్రయోగం అయిపోయాక ఎవరిష్టం వాళ్లదని వదిలేస్తే, ఇంట్లో పనిచేసినవాళ్లలో సగం మంది దాకా మళ్లీ ఆఫీసుకే పోయారన్నది తక్కువమంది చెబుతారు. వాళ్లు చెప్పిన ముఖ్యకారణం ఒంటరితనం. పైగా వాళ్లు వారానికో రోజు ఆఫీసుకు వస్తూనే ఉన్నవాళ్లు! ఇంకోటి, పని అంత బాగా చేసినా వాళ్లకు ప్రమోషన్ అవకాశాలు తగ్గాయి.

నాకు చిక్కు ఎక్కడంటే, కాల్ సెంటర్ పని జంటగా చేసేది కాదు. ఎవరి ఫోను వాళ్లది, ఎవరి కస్టమరు వాళ్లకు. ఆఫీసులో కూడా ఒక్కొక్కరూ ఒంటరిగానే చేసేవాళ్లు. అయినా ఆఫీసు కావాలనుకున్నారంటే, వాళ్లు వెతుక్కున్నది కలిసి చేసే పని కాదన్నమాట. మధ్యాహ్నం అన్నం దగ్గర కబుర్లు, కాల్‌కు కాల్‌కు మధ్య పక్కసీటు వాళ్లతో ఒక చూపు. మరి పనిని ఇద్దరికి పంచితే ఒంటరితనం పోతుందని నేనెలా అంటున్నాను?

దీనికి నాకు దొరికిన జవాబు షాంఘైలో లేదు, మా పెద్దమ్మ వాళ్ల ఊళ్లో ఉంది. జగిత్యాల దగ్గర. ఆ చుట్టుపక్కల, ఇటు నిజామాబాద్, కామారెడ్డి దాకా, వేల ఇళ్లల్లో ఆడవాళ్లు బీడీలు చేస్తారు. అసలు సిసలు ఇంటి నుంచి పని అది. కంపెనీ ఎక్కడో ఉంటుంది, తునికాకు, తంబాకు ఇంటికి వస్తాయి, వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఎవరి చాట వాళ్లది, ఎవరి లెక్క వాళ్లది, ఒకరి బీడీలు ఇంకొకరి లెక్కలో కలవవు. ఇంట్లో గడియ పెట్టుకుని చేసుకున్నా ఎవరూ అడగరు. కానీ వంట ముగియగానే చాట చంకన పెట్టుకుని ఒకరి ఇంటి అరుగు మీదికి చేరతారు. నలుగురైదుగురు. చేతులు ఆకు చుడుతుంటాయి, నోళ్లు ఊరంతా తిరిగొస్తాయి. ఆకు తక్కువ పడితే పక్కామె ఇస్తుంది. కొత్తగా పెళ్లై వచ్చిన పిల్లకు ఆకు కత్తిరించడం అక్కడే వస్తుంది. "ఈసారి ఆకు మంచిగ లేదు, ముక్కలైతున్నయి" అని అందరూ కలిసి తిట్టుకుంటారు. ఆకు మంచిగ లేదని పక్కామె కూడా అన్నప్పుడు, తప్పు నా చేతిది కాదని తేలిపోతుంది.

బీడీ పనిని నేను పొగడటం లేదు. నడుం విరుగుతుంది, తంబాకు దుమ్ముకు దగ్గు, కూలి ఎప్పుడూ చాలీచాలనిదే. మా పెద్దమ్మను అడిగితే ఆ పని తన కూతుళ్లకు వద్దంటుంది. ఆ అరుగు మాత్రం కంపెనీ పెట్టింది కాదు, వాళ్లే పెట్టుకున్నారు. సాధ్యమైంది ఎందుకంటే అందరూ ఒకే పని చేస్తారు, ఒకే ఊళ్లో ఉంటారు. పాలకొల్లు కుర్రాడి వీధిలో అతని పని అర్థమయ్యేవాళ్లు ఎవరూ లేరు. అలాంటి చోట అరుగు దానంతటది పుట్టదు. పనిలోంచే పుట్టించాలి. జంట పని మీద నా పట్టు అందుకే. అదొక్కటే మందు అని ఇంతకుముందు అనుకున్నంత ధీమాగా ఇప్పుడు అనలేను. అరుగు దొరికే చోట అరుగే మేలు, ఎవరి చాట వాళ్లదైనా సరే.

2025 ఫిబ్రవరిలో ఏపీ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మహిళలకు పెద్ద ఎత్తున ఇంటి నుంచి పని కల్పిస్తామని, ఊళ్లలో, పట్టణాల్లో కో-వర్కింగ్ కేంద్రాలకు ప్రోత్సాహకాలు ఇస్తామని ప్రకటించినప్పుడు, అందరూ మొదటి సగం గురించే మాట్లాడారు. నాకు రెండో సగం ముఖ్యంగా కనిపించింది. నెట్, కరెంటు, ఏసీ కాదు, అక్కడ పక్క సీట్లో ఇంకో మనిషి ఉంటుంది. కంపెనీ వేరైనా ఫరవాలేదు. ఎన్ని కేంద్రాలు నిలదొక్కుకుంటాయో, ఎన్ని బోర్డులుగానే మిగులుతాయో చూడాలి.

పోర్చుగల్ 2021 చివర్లో ఇంకో దారి పట్టింది. దూరం నుంచి పనిచేసే ఉద్యోగి ఒంటరి కాకుండా చూడటం యజమాని బాధ్యత అని చట్టంలోనే రాసింది. రెండు నెలలకు మించకుండా పై అధికారిని, తోటివాళ్లను ముఖాముఖి కలిసే ఏర్పాటు చేయాలంది. పని వేళలు దాటాక ఉద్యోగికి ఫోన్ చేయకూడదన్న నిబంధన మన పేపర్లలో బాగా వచ్చింది, ఈ రెండు నెలల సంగతి అంతగా రాలేదు. మన దగ్గర ఇలాంటిది వస్తే రైలు టికెట్లు, ఒక రోజు భోజనం ఖర్చు. ఏడాదికోసారి రిసార్ట్‌లో చేసే హంగామా కంటే చవకే.

ఒంటరిగా వదలండి మహాప్రభో

మా టీములో ఒకామె ఉంది. మియాపూర్‌లో ఉంటుంది, ఇద్దరు పిల్లలు, అత్తమామలు. ఈ ఆలోచనలన్నీ ఆమెకు చెబితే అంతా విని నవ్వింది. "అక్కా, నా కష్టం ఒంటరితనం కాదు. నేను ఒక్కదాన్నే ఉండే నిమిషం లేకపోవడం. కాల్ మధ్యలో కుక్కర్ విజిల్ లెక్కపెట్టాలి. చుట్టాలొస్తే ఇంట్లోనే ఉన్నావుగా అని టీ పెట్టమంటారు. నువ్వు ఇప్పుడు ఇంకో మనిషిని తగిలిస్తానంటున్నావు."

ఆమె మాటకు నా దగ్గర సరైన జవాబు లేదు. అలాగని ఆఫీసుకు వస్తుందా అంటే, వద్దే వద్దంటుంది. రోజూ మూడు గంటల ప్రయాణం మిగలబట్టే ఆ ఉద్యోగం నిలిచింది. సీట్రిప్ కంపెనీలోనే బ్లూమ్ బృందం తర్వాత ఇంకో ప్రయోగం చేసి 2024లో ప్రచురించింది. 1,612 మంది, వారానికి రెండు రోజులు ఇల్లు, మిగతావి ఆఫీసు. మానేసేవాళ్లు మూడోవంతు తగ్గారు, ఆడవాళ్లలో, దూరం నుంచి వచ్చేవాళ్లలో ఇంకా ఎక్కువగా. ఆమెలాంటివాళ్లే వాళ్లు.

చివరికి ఆమె అడిగింది ఒకటే. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా తన క్యాలెండర్‌లో ఎవరూ మీటింగ్ పెట్టకూడదు, చాట్‌కు జవాబు ఆశించకూడదు. పచ్చచుక్క ఎర్రగా ఉంటే ఉండనివ్వాలి. అత్తగారికి "రెండింటికి పెద్ద మీటింగ్" అని చెప్పి తలుపేసుకుంటుంది. ఆ పెద్ద మీటింగ్‌లో ఆమె ఒక్కతే ఉంటుంది. చేయాల్సిన కష్టమైన పనంతా అప్పుడే చేస్తుంది. అందరికీ ఒకే వైద్యం అనే హెచ్ఆర్ పోస్టర్లను వెక్కిరించి, నేను అందరికీ జంటలు కట్టబోయానన్నమాట!

ఇద్దరం చేస్తే ఏమైంది

మేము మొదట పెట్టింది రాత్రి డ్యూటీలో. అమెరికా క్లయింట్ కాబట్టి రాత్రంతా ఒకరు మేలుకునో, ఫోను దిండు కింద పెట్టుకునో ఉండాలి. ఊరంతా పడుకున్నప్పుడు ఒక్కడే సర్వర్ ముందు కూచోవడమంత ఒంటరి పని ఇంకోటి లేదు. ఇద్దరిని పెడదాం అన్నాను. వెంటనే లెక్క వచ్చింది: ఇద్దరిని పెడితే నెలలో ఒక్కొక్కరి వంతులు రెట్టింపవుతాయి. నిద్ర చెడేది రెట్టింపవుతుంది. న్యాయమైన అభ్యంతరమే. నిద్ర పోగొట్టి ఒంటరితనం తగ్గించడం ఏం బేరం?

తెగని వాదం తర్వాత, ఎక్కువ గొడవలొచ్చే తొలి నాలుగు గంటలకే ఇద్దరు, ఆ తర్వాత ఒకరు అని ఒప్పుకున్నారు. ఆ నాలుగు గంటలూ కాల్ తెరిచే ఉంటుంది, మాట్లాడాలని లేదు. వీడియో అక్కర్లేదు. అనంతపురం అతని ఇంట్లో గేదె అరవడం కరీంనగర్ అమ్మాయికి వినిపిస్తుంది. "మీ గేదెకు ఈ బగ్ అర్థమైనట్టుంది" అంటుంది. ఎవరైనా రాత్రి తప్పు చేస్తే పొద్దున మెయిల్‌లో ఇద్దరి పేర్లూ ఉంటాయి. నిద్ర మీద దీని ప్రభావం ఏమిటో చెప్పలేను గానీ, తెల్లవారుజామున నాకు వచ్చే "అక్కా, అంతా నా వల్లే" అనే మెసేజ్‌లు తగ్గాయి.

పగటి పనిలో జంటలు అంత సాఫీగా నడవలేదు. స్క్రీన్ ఇంకొకరికి చూపిస్తూ కోడ్ రాయడమంటే పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ నెత్తిన నిలబడ్డట్టుందని ఒకతను మొహమ్మీదే చెప్పాడు. నిజమే, జంట పని నిఘాగా మారడానికి ఎంతో దూరం లేదు. సీనియర్‌తో జూనియర్‌ను కట్టేస్తే మరీను. సమవయస్కులను కలిపి, ఎవరితో అనేది వాళ్లనే ఎంచుకోమని, రోజంతా కాకుండా కష్టమైన ముక్కకు మాత్రమే అన్నాక కొంత కుదుటపడింది. అతను మాత్రం ఇప్పటికీ ఒక్కడే చేసుకుంటాడు, హాయిగా ఉన్నాడు. అలా ఉండే హక్కు అతనికుంది.

ఖర్చు సంగతి పైవాళ్లు అడక్కుండా ఉండరు. ఒక పనికి ఇద్దరి జీతమా? జంటగా ప్రోగ్రామ్ రాయడం మీద యూటా విశ్వవిద్యాలయంలో విద్యార్థులతో జరిగిన పాత ప్రయోగం, 2000 ప్రాంతంలో వచ్చింది, ఒకటుంది. కలిసి చేసినందువల్ల దాదాపు 15% ఎక్కువ శ్రమ పట్టింది, రెట్టింపు కాదు. తప్పులు కూడా తగ్గాయి. విద్యార్థులు వేరు, బిల్లింగ్ మీద బతికే మా ప్రాజెక్టులు వేరు అని నాకూ తెలుసు. అయినా "రెట్టింపు" అనే మాటకు అడ్డు చెప్పడానికి ఆ లెక్క అక్కరకొచ్చింది.

టికెట్లు పెట్టడానికి మేం వాడే జిరా అనే సాఫ్ట్‌వేర్‌లో టికెట్‌కు ఒక్క పేరుకే చోటుంది. అసైనీ, అంటే పని ఎవరిదో రాసే డబ్బా ఒకటే, అందులో ఒక్కరే పడతారు. అందుకని రెండో పేరును టికెట్ శీర్షికలోనే రాస్తున్నాం. అది చూసి మా బాస్ అడిగారు: క్లయింట్ డబ్బిచ్చేది మొదటి పేరుకు కదా, రెండో మనిషి గంటలు టైమ్‌షీట్‌లో ఏ కోడ్ కింద వేస్తున్నారు? ప్రస్తుతానికి నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్, అంటే ఒకరికొకరు పని నేర్పడం, కింద వేస్తున్నాం. ఆ కోడ్‌కు మూడు నెలలకు ఇన్ని గంటలే అని హద్దుంది, ఈసారి నెలన్నరకే దగ్గరికి వచ్చేసింది. వచ్చే వారం దాని మీద మీటింగ్ ఉంది. పాలకొల్లు కుర్రాడి జాగాలో కొత్త మనిషిని వెతికి, నేర్పించి, నిలబెట్టడానికి ఎన్ని గంటలు పోయాయో అవి కూడా కాగితం మీద రాసుకుని వెళ్తున్నాను. ఆ గంటలు ఏ కోడ్ కింద వేశారో అడగాలి.